మీ రీల్‌లో షాట్లు బాగున్నాయి, మనుషులే కనిపించడం లేదు

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. నాలుగేళ్లుగా ఒక చిన్న స్టూడియోలో కంపెనీల వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. సొంత డబ్బుతో రెండు షార్ట్ ఫిల్ములు తీశాను. ఒక ఫీచర్ (పూర్తి నిడివి సినిమా) స్క్రిప్టు సగంలో ఉంది. నా షోరీల్ (చేసిన పనుల్లోంచి ఏరి కూర్చిన చిన్న వీడియో) చూసినవాళ్లంతా ‘విజువల్స్ చాలా బాగున్నాయి’ అంటారు గానీ, తర్వాత ఒక్కరూ ఫోన్ చెయ్యరు. ఇప్పుడు ఒక యాడ్ ప్రొడక్షన్ హౌస్ నుంచి డైరెక్టర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరమని పిలుపొచ్చింది. జీతం ఇప్పుడొచ్చే దానికంటే కాస్త తక్కువ. నాకు కథలు చెప్పాలని ఉంది. యాడ్స్‌లోకి వెళ్తే అక్కడే ఉండిపోతానేమో, ‘యాడ్ డైరెక్టర్’ అన్న ముద్ర పడితే రేపు సినిమా ఎవరిస్తారో అని టెన్షన్‌గా ఉంది. ఏదో ఒకటి తేల్చుకోమని స్నేహితులు అంటున్నారు. రీల్, రెండు షార్ట్ ఫిల్ములు పంపిస్తున్నాను. చూసి, మొహమాటం లేకుండా చెప్పండి.

సమాధానం:

మీరు పంపినవన్నీ చూశాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను: ఆ ఉద్యోగంలో చేరండి. యాడ్సా, కథలా అన్నది మీరు ఇప్పుడు తేల్చుకోవాల్సిన విషయం కాదు. మిమ్మల్ని ఆపుతున్నది వేరే ఉంది. అది మీ రీల్‌లోనే కనిపిస్తోంది.

ఆ రీల్‌లో పొగమంచులో సాగిపోయే రోడ్డు ఉంది. అద్దం మీద జారే వానచుక్క ఉంది. స్లో మోషన్‌లో లేచే దుమ్ము ఉంది, డ్రోన్ షాట్లు బోలెడు ఉన్నాయి. అన్నీ అందంగానే ఉన్నాయి, కటింగ్ కూడా చక్కగా సంగీతానికి తగ్గట్టు పడింది. మనుషులూ ఉన్నారు. కానీ వాళ్లు నడుస్తారు, తల తిప్పుతారు, కిటికీలోంచి దూరంగా చూస్తారు, అంతే. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఎవరి మనసూ మన కళ్లముందు మారదు. ఆ రీల్ చూసిన నిర్మాతకు ఒక మంచి కెమెరామన్, ఒక మంచి ఎడిటర్ కనిపిస్తారు. డైరెక్టర్ కనిపించరు. అందుకే మెచ్చుకుంటారు, ఫోన్ మాత్రం చెయ్యరు.

దీన్ని మీ తప్పుగా అనడం లేదు. ఎడిటింగ్ నుంచి వచ్చేవాళ్లలో ఇది మామూలే. కంపెనీ వీడియోల్లో నటన ఉండదు, ఉన్నదాన్ని కట్‌తోనూ మ్యూజిక్‌తోనూ లేపాలి. నాలుగేళ్లు అదే చేసిన చేతికి అదే అలవాటు పడుతుంది. కానీ అందమైన షాట్ తీయగల కెమెరామన్ దొరకడం ఇవాళ పెద్ద కష్టం కాదు. ఒక నటి ముఖంలో అబద్ధం ఎక్కడ మొదలైందో పట్టుకుని, దాన్ని పోగొట్టి, నిజాన్ని రాబట్టే మనిషి దొరకడమే కష్టం. డైరెక్టర్‌కి డబ్బిచ్చేది అందుకే, 30 సెకన్ల యాడ్ అయినా రెండున్నర గంటల సినిమా అయినా.

మీలో ఆ మనిషి లేరని అనుకోవడం లేదు. మీ రెండో షార్ట్ ఫిల్ములో అన్నాచెల్లెళ్లు చనిపోయిన తండ్రి గది ఖాళీ చేస్తుంటారు. చెల్లెలు ఒక చొక్కా మడిచి, అట్టపెట్టెలో పెట్టి, మళ్లీ తీసి అన్నకు కనబడకుండా తన బ్యాగులో పెట్టుకుంటుంది. కెమెరా కదలదు, కట్ లేదు, మ్యూజిక్ లేదు. అన్న చూశాడని మనకు తెలుస్తుంది, చూశాడని ఆమెకు తెలియదు. రీల్ మొత్తంలో లేనిది ఆ ఒక్క షాట్‌లో ఉంది. దాన్ని మీరు రీల్‌లో పెట్టలేదు. బహుశా లైటింగ్ అంత బాగా లేదని తీసేసి ఉంటారు. లైటింగ్ సంగతి అటుంచండి, మిమ్మల్ని డైరెక్టర్‌గా నిలబెట్టే షాట్ అదే.

కాబట్టి మొదటి పని: ఆ రీల్ పక్కన పెట్టండి. సంగీతం మీద ముక్కలు ముక్కలుగా షాట్లు పేర్చే రీల్ కెమెరామన్‌కి పనికొస్తుంది. డైరెక్టర్‌కి కావాల్సింది మొదలు, చివర ఉన్న పూర్తి సీన్లు. ఆ అట్టపెట్టె సీన్ మొత్తం, దాని ముందు నిమిషంతో సహా, ఒక విడి ఫైల్‌గా పెట్టండి. దానితో పాటు ఇంకో రెండు చిన్న పూర్తి పనులు చాలు. చూసేవాళ్లు మొదటిదే చూసి ఆపేస్తారన్న లెక్కతో, అన్నిటికన్నా బలమైనది మొదట ఉండాలి. సాధారణంగా బలమైనదాన్ని చివరికి దాచుకుంటారు. అక్కడి దాకా ఎవరూ రారు.

ఇక మీ అసలు భయం గురించి. యాడ్స్ తీసినవాళ్లు సినిమాలు తీయలేరన్న మాట చరిత్రలో నిలబడదు. సత్యజిత్ రాయ్ 1943 నుంచి ఒక యాడ్ ఏజెన్సీలో చిత్రకారుడిగా పనిచేశారు. మొదటి సినిమా షూటింగ్ 1952లో మొదలుపెట్టి, డబ్బు దొరికినప్పుడల్లా తీస్తూ, 1955లో విడుదల చేసేదాకా ఆ ఉద్యోగం వదల్లేదు. బ్రిటిష్ దర్శకుడు రిడ్లీ స్కాట్ వందల యాడ్స్ తీశాక గానీ ఫీచర్ జోలికి రాలేదు. 1977లో ఆయన మొదటి సినిమా కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి గెలిచేనాటికి ఆయనకు 39 ఏళ్లు. 28కే ఆలస్యమైపోయిందని ఉత్తరంలో మీరు అనలేదు గానీ, ఆ బెంగ మాటల మధ్య వినిపించింది, అందుకని చెబుతున్నాను. హాలీవుడ్ దర్శకుడు డేవిడ్ ఫించర్ యాడ్స్, మ్యూజిక్ వీడియోల నుంచి వచ్చి 1992లో మొదటి సినిమా తీశారు. ఆ షూటింగంతా స్టూడియోతో గొడవలతోనే నడిచింది, ఆ చేదు గురించి ఆయన బాహాటంగానే మాట్లాడారు. ఆ తర్వాత కొంతకాలం మళ్లీ యాడ్స్, మ్యూజిక్ వీడియోలే తీశారు. 1995లో రెండో సినిమా వచ్చింది. దెబ్బ తిన్నాక వెనక్కి వచ్చి నిలబడటానికి ఒక చోటు ఉండడం ఎంత ముఖ్యమో అక్కడ తెలుస్తుంది.

అయితే ఒకటి. యాడ్స్‌లోకి వెళ్లి అక్కడే ఉండిపోయినవాళ్లూ చాలామంది ఉన్నారు. అందులో తక్కువతనం ఏమీ లేదు, ఆ పని ఇష్టమైనవాళ్లకి అదొక పూర్తి జీవితం. కానీ కథలు చెప్పాలనుకుని అక్కడ ఆగిపోయినవాళ్ల దగ్గర నేను గమనించింది ఒకటే: వాళ్లు రాయడం మానేశారు. యాడ్‌లో స్క్రిప్టు ఏజెన్సీ నుంచి వస్తుంది. ఏళ్ల తరబడి ఇంకొకరు రాసిందే తీస్తూ ఉంటే, ఖాళీ కాగితం ముందు కూర్చునే ఓపిక తగ్గిపోతుంది. ముద్ర పడటం గురించి మీరు భయపడుతున్నారు. ముద్రని ఒక మంచి షార్ట్ ఫిల్మ్ చెరిపేస్తుంది. రాయడం మర్చిపోతే మాత్రం దాన్ని ఏదీ పూడ్చదు.

జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1936లో స్టూడియోలో అసిస్టెంట్‌గా చేరారు. ఆయన గురువు కజిరో యమమోతో, డైరెక్టర్ కావాలంటే ముందు స్క్రిప్టులు రాయమని పట్టుబట్టారు. కురొసావా షూటింగుల అలసటలోనే రాశారు, ఎడిటింగూ నేర్చుకున్నారు, 1943లో సొంత సినిమా తీశారు. మీకు ఎడిటింగ్ ముందే వచ్చు. మిగిలింది రాయడం, నటులతో పనిచేయడం.

ఆ నటుల సంగతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మీకు అన్నిటికన్నా ఎక్కువ అవసరమైంది అదే.

మీ మొదటి షార్ట్ ఫిల్ములో హీరో ప్రతి సీన్‌లోనూ ‘బాధగా’ ఉన్నాడు. మీరు సెట్‌లో ఏం చెప్పి ఉంటారో ఊహించగలను: ‘ఇంకొంచెం బాధగా చెయ్యి.’ నటుడికి ఇంతకన్నా పనికిరాని మాట లేదు. బాధ అనేది చేసే పని కాదు, చేసిన పనికి వచ్చే ఫలితం. అలా చెప్తే అతను ముఖంతో బాధను బొమ్మ గీయడం మొదలుపెడతాడు. దానికి బదులు అతనికి ఒక పని ఇవ్వండి. ఆమెను ఈ గదిలోంచి బయటికి పంపించెయ్యాలి. ఆమె చేత ‘క్షమించు’ అనిపించాలి. తనకేమీ పట్టనట్టు నమ్మించాలి. అవే డైలాగులు, ఒక్కో పనితో ఒక్కోలా పలుకుతాయి. అట్టపెట్టె సీన్‌లో జరిగింది అదే. చెల్లెలికి ‘ఏడుపు ఆపుకో’ అని చెప్పి ఉండరు, ‘అన్న చూడకుండా చొక్కా తీసుకో’ అని చెప్పి ఉంటారు.

ఇది చదివితే వచ్చేది కాదు. నెలకొకసారి ఇలా చెయ్యండి: రెండు పేజీల సీన్, ఇద్దరు నటులు, ఒక గది, ఫోన్ కెమెరా, ఒక సాయంత్రం. సీన్ మీరే రాయండి. దాన్ని మూడు రకాలుగా తీయండి, ప్రతిసారీ ఇద్దరికీ కావాల్సింది మార్చి. డైలాగు ఒక్కటి కూడా మార్చొద్దు. ఆ రాత్రే మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మీరిచ్చిన ఏ మాట పనిచేసిందో, ఏది గాల్లో కలిసిపోయిందో కళ్లకు కడుతుంది. ఇవి ఎవరికీ చూపించడానికి కాదు. నాటకాల రిహార్సల్స్‌కి వెళ్లి మూల కూర్చోవడానికి ఒప్పుకునే బృందం ఉంటే వదలకండి. వీలైతే నటన క్లాసులో విద్యార్థిగా చేరండి. మీరు బాగా నటించాలని కాదు. పదిమంది ముందు నిలబడి ఉండగా ఎవరో ‘సహజంగా చెయ్యి’ అంటే లోపల ఎలా ముడుచుకుపోతామో ఒంటికి తెలియాలి. తెలిశాక మీరు ఎవరితోనూ ఆ మాట అనరు.

మీలాంటి ఎడిటర్లకు ప్రత్యేకంగా ఇంకో మాట. మీకు కట్ మీద నమ్మకం ఎక్కువ. సెట్‌లో సీన్ కుదరకపోతే, వైడ్ తీశాం, క్లోజప్‌లు తీశాం, ఎడిటింగ్ టేబుల్ మీద చూసుకుందాం అనుకుంటారు. మీ రెండు ఫిల్ముల్లోనూ అది కనిపిస్తోంది. నటన కుదరని ప్రతి చోటా కట్లు పెరిగాయి. అందుకని నెలవారీ సీన్లలో కొన్నింటిని కట్ లేకుండా ఒకే షాట్‌గా తీయండి. అప్పుడు సీన్‌ని నిలబెట్టేది ఇద్దరు మనుషుల మధ్య దూరం, ఎవరు ఎప్పుడు కూర్చుంటారు, ఎవరు ఎటు తిరుగుతారు అన్నవే. బ్లాకింగ్ అంటే, అంటే నటులు ఎక్కడ నిలబడి ఎటు కదలాలో కుదర్చడమంటే, భయం పోయేది అప్పుడే. మానిటర్ దగ్గరే కూర్చోకుండా కెమెరా పక్కన నిలబడి నటుడి కళ్లు చూడటం కూడా అలవాటు చేసుకోండి. టేక్ అయ్యాక దూరం నుంచి అరవకండి. దగ్గరికి వెళ్లి, వాళ్లకు మాత్రమే వినపడేలా, ఒక్క మాట చెప్పండి. ఒక్కటే.

ఇప్పుడు యాడ్స్ ప్రపంచం. అది బయటికి కనిపించినట్టు ఉండదు, లోపలికి వెళ్లాక ఏం నేర్చుకోవాలో ముందే తెలిస్తే ఈ ఉద్యోగం మీకు బడి అవుతుంది. క్లయింట్ తనకేం కావాలో ఏజెన్సీకి బ్రీఫ్ ఇస్తాడు. ఏజెన్సీవాళ్లు ఐడియా, స్క్రిప్టు తయారుచేసి, చాలాసార్లు ముగ్గురు డైరెక్టర్లకు పంపుతారు. ఒక ఫోన్ కాల్ ఉంటుంది. తర్వాత ప్రతి డైరెక్టరూ ఒక ట్రీట్‌మెంట్ రాస్తారు: ఈ స్క్రిప్టుని నేనెలా చూస్తున్నాను, ఎలాంటి మనుషుల్ని తీసుకుంటాను, ఏ స్వరంలో చెప్తాను, రంగులు, సంగీతం, ఎడిటింగ్ ఎలా ఉంటాయి అన్నదంతా బొమ్మలతో సహా. ప్రొడక్షన్ హౌస్ ఖర్చు అంచనా ఇస్తుంది. ఒకరికి పని దొరుకుతుంది, మిగిలిన ఇద్దరికీ ఆ శ్రమకు మామూలుగా డబ్బేమీ రాదు. పని వచ్చాక షూటింగ్‌కి ముందు పెద్ద మీటింగ్ జరుగుతుంది. నటులు, బట్టలు, లొకేషన్, స్టోరీబోర్డు అన్నీ అక్కడే ఖాయమవుతాయి. ఎడిట్ విషయంలో చివరి మాట ఏజెన్సీది, క్లయింట్‌ది. డైరెక్టర్ తన వెర్షన్ విడిగా కట్ చేసుకుని, అనుమతి ఉంటే, యాడ్ ప్రసారమయ్యాక రీల్‌లో పెట్టుకుంటాడు.

ఈ మొత్తంలో మీకు బంగారం లాంటిది ట్రీట్‌మెంట్. అసిస్టెంట్ల చేత రిఫరెన్స్ బొమ్మలు వెతికిస్తారు, డాక్యుమెంట్ పేర్పిస్తారు. చిన్న పని అనుకోకండి. ఆ ఆఫీసులో పాత ట్రీట్‌మెంట్లు ఉంటాయి. గెలిచినవీ ఓడినవీ రెండూ అడిగి చదవండి. మీ డైరెక్టర్ చేతిలో ఉన్న స్క్రిప్టుకే ఇంట్లో సొంతంగా ఒక ట్రీట్‌మెంట్ రాసుకుని, తర్వాత ఆయన రాసినదాని పక్కన పెట్టి చూడండి. తన మనసులో ఉన్న సినిమాని ఇంకొకరు డబ్బు పెట్టేంతగా కాగితం మీద చూపించడం, ఫీచర్ నిర్మాతకు కథ చెప్పేటప్పుడు కావాల్సిన విద్య సరిగ్గా అదే. నరేషన్‌కి, అంటే నిర్మాతకు కథ వినిపించడానికి, వెళ్లి అంతా బాగానే చెప్పి, ‘ఎలా తీస్తావు?’ అన్న ప్రశ్న దగ్గర తడబడి అవకాశం పోగొట్టుకునేవాళ్లు ఎందరో. మీరు అలా తడబడరు.

30 సెకన్ల నిడివి కూడా గొప్ప గురువే. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన మొత్తం 720 ఫ్రేములు. అందులో ఒక మనిషిని పరిచయం చేసి, ఒక కోరిక పెట్టి, ఒక మలుపు తిప్పాలి. మీ 22 నిమిషాల ఫిల్ములో అన్నాచెల్లెళ్లు ఆ గదిలో అడుగుపెట్టేసరికి ఆరు నిమిషాలు గడిచిపోయాయి. యాడ్స్‌లో ఏడాది పనిచేస్తే ఆ ఆరు నిమిషాల్ని మీరే భరించలేరు. ఇంకో లాభం కూడా ఉంది. అనుభవమున్న కెమెరామన్లు, ఆర్ట్ డైరెక్టర్లు, కాస్టింగ్ వాళ్లు అక్కడ పరిచయమవుతారు. వాళ్లలో చాలామందికి కథల మీద ఆకలి ఉంటుంది. రేపు మీ షార్ట్ ఫిల్ముకి ఒక ఆదివారం తమ సామాను పట్టుకుని వచ్చేది వాళ్లే. మీరు సెట్‌లో వాళ్లతో ఎలా మసలుకున్నారన్నదాని మీద అది ఆధారపడుతుంది.

యాడ్స్ నేర్పనివీ ఉన్నాయి. మౌనాన్ని సాగనివ్వడం అక్కడ కుదరదు. ఒక పాత్రని రెండు గంటలు మోయడం రాదు. ప్రేక్షకుడికి అర్థం కాకపోయినా ఫరవాలేదని కాసేపు వదిలేసే ధైర్యం అక్కడ ఎవరూ ఇవ్వరు, ఎందుకంటే ప్రతి ఫ్రేమూ ఎవరికో ఒకరికి అర్థం కావాలి. సెట్ మీద డబ్బు ధారాళంగా ఉంటే అందానికి అలవాటు పడతాం, మీకు ఆ బలహీనత ముందే ఉంది కాబట్టి జాగ్రత్త. ఇవన్నీ ఆ నెలవారీ సీన్లలోనూ, మీ స్క్రిప్టులోనూ సరిచూసుకుంటూ ఉండాలి.

చేరిన కొన్నాళ్లకు, మీ అంతట మీరు డైరెక్ట్ చేయడానికి ఎవరూ యాడ్ ఇవ్వరు కాబట్టి, ఒక స్పెక్ యాడ్ తీయాలి. అంటే ఎవరూ అడక్కుండా, మీరు ఊహించి, మీ ఖర్చుతో తీసేది. అది స్పెక్ అని స్పష్టంగా రాయండి. నిజంగా ఆ కంపెనీ మీకు పని ఇచ్చిందన్నట్టు కనిపిస్తే పరువు పోతుంది. కారు కొండ రోడ్డు మీద దూసుకుపోయే యాడ్ మాత్రం తీయకండి. పెద్ద బడ్జెట్లతో పోటీ పడి ఓడిపోతారు. ఒక గదిలో ఇద్దరు మనుషులు, వాళ్ల మధ్య ఒక చిన్న ఇబ్బంది, ఆ వస్తువు వల్ల ఆ ఇబ్బంది తీరే తీరు, ఇంత చాలు. నటన పండిన 30 సెకన్లు చూస్తే ఏజెన్సీవాళ్లకు మీ పేరు గుర్తుంటుంది, ఫీచర్ నిర్మాతకూ గుర్తుంటుంది. ఒకే పని రెండు తలుపుల మీదా తట్టడం అంటే ఇదే.

షార్ట్ ఫిల్మ్ విషయానికొస్తే, కొత్తది తీసేముందు ఉన్నదాన్ని మళ్లీ ఎడిట్ చేయండి. ఆ అన్నాచెల్లెళ్ల కథ 11, 12 నిమిషాల ఫిల్ము. గదిలోకి అడుగుపెట్టడంతో మొదలుపెట్టి, చివర్లో అన్న మాట్లాడే స్వగతం తీసేయండి. చొక్కా చెప్పినదాన్నే అతను మళ్లీ చెప్తున్నాడు. మీరు కట్ చేయలేకపోతే, షూటింగ్‌లో లేని ఇంకో ఎడిటర్‌కి ఇవ్వండి. ఫెస్టివల్స్ వైపు నుంచి చూసినా చిన్న నిడివే మేలు. ఆస్కార్ నిబంధనల్లో షార్ట్ అంటే టైటిళ్లతో సహా 40 నిమిషాల లోపు, కానీ కాన్ షార్ట్ ఫిల్మ్ పోటీలో గరిష్ఠం 15 నిమిషాలే. ప్రోగ్రామ్ కూర్చేవాళ్లకు 22 నిమిషాల ఫిల్ముకి చోటు దొరకాలంటే రెండు మంచి చిన్న ఫిల్ముల్ని వదులుకోవాలి. కొన్ని ఫెస్టివల్స్ ముందే ఆన్‌లైన్‌లో పెట్టినవాటిని తీసుకోవు, అందుకని నిబంధనలు చదివేదాకా అందరికీ కనిపించేలా ఎక్కడా పెట్టొద్దు. అన్నిటికీ పంపి ఫీజులకు డబ్బు తగలెయ్యకండి. మీలాంటి ఫిల్ములు వేసే కొన్నిటిని ఎంచుకుని పంపండి.

ఒక చిన్న విషయం, కానీ వదిలేస్తే మొత్తం ఆగిపోతుంది: మీ మొదటి ఫిల్ములో వాడిన పాట హక్కులు మీ దగ్గర లేవని నా అనుమానం. హక్కుల్లేని పాటతో ఫెస్టివల్స్‌కి వెళ్లలేరు, అమ్మలేరు. నటులతో, రచయితతో, లొకేషన్ యజమానితో కూడా ఒక పేజీ ఒప్పందం రాసుకోవాలి, స్నేహితులైనా సరే.

తర్వాతి షార్ట్ ఫిల్మ్ మాత్రం వేరే కథ తీయొద్దు. సగంలో ఉన్న ఫీచర్ స్క్రిప్టు పూర్తి చేసి, అందులోంచి ఒక సీన్ తీయండి. అమెరికన్ దర్శకుడు డామియన్ షజెల్ ‘విప్లాష్’ సినిమాకి చేసింది అదే. పూర్తి స్క్రిప్టు చేతిలో ఉండగా డబ్బు పుట్టలేదు. అందులో ఒక భాగాన్ని షార్ట్ ఫిల్ముగా తీస్తే 2013లో సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో బహుమతి వచ్చింది. ఏడాది తిరిగేసరికి అదే ఫెస్టివల్‌లో ఫీచర్ ఉంది, ఆ తర్వాత మూడు ఆస్కార్లు. షార్ట్ నచ్చినవాళ్లు మొదట అడిగేది ‘తర్వాత ఏంటి?’ అని. ఆ క్షణంలో చేతిలో పూర్తయిన స్క్రిప్టు లేకపోతే ఆ వేడి వారం రోజుల్లో చల్లారిపోతుంది. ఈ ప్రశ్న ముందు ఖాళీ చేతులతో నిలబడినవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే స్క్రిప్టు ముందు, షూటింగ్ తర్వాత అంటున్నాను.

డబ్బు. ఇల్లు తాకట్టు పెట్టి, అప్పు చేసి ఫీచర్ తీసిన కథలు వినడానికి బాగుంటాయి, ఎందుకంటే గెలిచినవాళ్లే అవి చెప్తారు. మీరు అప్పు చేయొద్దు. క్రిస్టఫర్ నోలన్ 1998లో వచ్చిన తన మొదటి ఫీచర్‌ని ఉద్యోగాలు చేసుకునే స్నేహితులతో, వారాంతాల్లో, ఏడాది పాటు తీశారు. ఫిల్ము రీళ్ల ఖరీదే పెద్ద ఖర్చు కాబట్టి, ఒకటి రెండు టేకుల్లో అయిపోయేలా ముందే నెలల తరబడి రిహార్సల్స్ చేయించారు. ఇవాళ మెమరీ కార్డులో ఎన్ని టేకులైనా పడతాయి కాబట్టి రిహార్సల్స్ అనవసరం అనుకుంటున్నారు. డబ్బు లేనివాళ్లు ఖర్చు లేకుండా చేయగలిగింది రిహార్సల్ ఒక్కటే, దాన్నే వదిలేస్తున్నారు.

జీతం తగ్గడం గురించి తేలిగ్గా మాట్లాడను. ఎంత తగ్గుతుందో, ఇంటి బాధ్యతలు ఏమిటో మీరు రాయలేదు. ఆరు నెలల ఖర్చులకు సరిపడా చేతిలో లేకపోతే, చేరే తేదీ కాస్త వెనక్కి జరపమని అడగండి. ఈలోపు బయటి ఎడిటింగ్ పనులు చేసి కూడబెట్టండి. నిజంగా మిమ్మల్ని కావాలనుకుంటే ఆ మాత్రం ఆగుతారు.

అసిస్టెంట్ అన్న మాటకి అర్థం అన్నిచోట్లా ఒకటి కాదని కూడా గుర్తుంచుకోండి. కొన్ని పరిశ్రమల్లో అసిస్టెంట్ డైరెక్టర్ అంటే షెడ్యూలు వేసి, సెట్‌ని టైముకి నడిపించే వృత్తి. అందులో పైకి వెళ్తే ప్రొడక్షన్ వైపు చేరతారు, డైరెక్షన్ వైపు కాదు. ఇంకొన్ని చోట్ల అది డైరెక్టర్ దగ్గర శిష్యరికం. మీకు పిలుపొచ్చింది వీటిలో దేనికో చేరేముందే తేల్చుకోవాలి. కాబట్టి వాళ్లను ఈ వారమే కలిసి నాలుగు విషయాలు అడగండి. ట్రీట్‌మెంట్ పనిలో నాకు చోటు ఉంటుందా? కాస్టింగ్‌లోనూ ఎడిట్‌లోనూ గదిలో కూర్చోనిస్తారా? షూటింగులు లేని రోజుల్లో నా సొంత పనులు చేసుకోవచ్చా, ఇక్కడ ఉండగా నేను రాసిన కథల హక్కులు నావేనా? ఇంతకు ముందు ఇక్కడ అసిస్టెంట్లుగా చేసినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? చివరి ప్రశ్నకు వాళ్లు పేర్లు చెప్తే, వీలైతే వాళ్లలో ఒకరితో విడిగా మాట్లాడండి. కథల హక్కుల మాట నోటితో సరే అన్నా ఆగకుండా, ఉద్యోగ ఒప్పందంలో రాయించుకున్నాకే సంతకం పెట్టండి.